అయిదేళ్ళ బాబును కిందికి ఆడుకోవడానికి పంపాలా, వద్దా?

బెంగళూరు కుందలహళ్ళి నుంచి ఒక చెల్లెలు అడిగింది క్లుప్తంగా ఇది. బాబుకి అయిదేళ్ళు, యూకేజీ. తెల్ల వ్యానులో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఆ రోజు నుంచి బాబుని కిందికి పంపడం మానేశారు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తారు కాబట్టి మధ్యాహ్నం స్కూలు వ్యాను దగ్గర పనమ్మాయే దించుకుంటుంది. ఆయన జీపీఎస్ వాచీ కొందామంటున్నారు, అత్తగారేమో పిల్లాణ్ణి కర్నూలు పంపేయమంటున్నారు. వ్యాన్ డ్రైవర్‌ని ఎంతవరకు నమ్మాలి, బాబుని ఆడుకోనివ్వాలా వద్దా, అసలు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని ప్రశ్న.

చెల్లెమ్మా, నాది హిందూపురం. బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్ళు. అందులో పద్దెనిమిదేళ్ళు తప్పిపోయిన పిల్లల పనిలోనే గడిచాయి. మెజెస్టిక్ రైల్వే స్టేషన్లో పిల్లల సహాయ కేంద్రంలో ఆరేళ్ళు చేశాను. తర్వాతంతా ఇంటికి తిరిగొచ్చిన పిల్లలకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ కౌన్సెలింగ్. ఆ అనుభవంతో చెబుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదువుకోండి.

ముందు ఆ వీడియో సంగతి. 2018లో కూడా ఇలాంటిదే ఒకటి ఊరూరా తిరిగింది. బైకు మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి లాక్కుని పోతారు. అది కరాచీలో పిల్లల భద్రత మీద తీసిన ప్రచార చిత్రంలోని ముక్క. చివర్లో వాళ్ళే పిల్లాణ్ణి తెచ్చి దించి, జాగ్రత్త అని బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి మనవాళ్ళు పంచుకున్నారు. ఆ మే 23న ఇక్కడే, చామరాజపేటలో, రాజస్థాన్ నుంచి పని కోసం వచ్చిన 26 ఏళ్ళ కుర్రాణ్ణి పిల్లల దొంగ అని కట్టేసి కొట్టి చంపేశారు. అదే నెలలో తమిళనాడులో తిరువణ్ణామలై దగ్గర గుడికని వెళ్ళిన ఒక పెద్దావిడ, కారాపి పిల్లలకి చాక్లెట్లు ఇచ్చినందుకు ప్రాణం పోగొట్టుకుంది. ఆ తర్వాతే, జులైలో, మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. కాబట్టి ఊరి పేరు, తేదీ, పోలీస్ స్టేషన్ పేరు లేని వీడియో ఏదొచ్చినా మీ దగ్గరే ఆపేయండి. గ్రూప్ అడ్మిన్‌కి కూడా ఆ మాట చెప్పండి, మొహమాటపడకండి.

అయితే భయపడాల్సిందేమీ లేదా అంటే, ఉంది. మీరు చూస్తున్న దిక్కున లేదు, అంతే.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో తప్పిపోయినట్టు నమోదైన పిల్లలు 83,350 మంది. అందులో 62,946 మంది ఆడపిల్లలు. టీనేజీ పిల్లలే ఎక్కువ. స్టేషన్లో మా బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళూ అలాంటివాళ్ళే. మార్కులు తక్కువొచ్చాయని గుంతకల్లులో రైలెక్కేసిన కుర్రాడు, ఇన్‌స్టాలో పరిచయమైన వాడి కోసం వచ్చి ప్లాట్‌ఫారం మీద వాడికోసం రెండు గంటలు ఎదురుచూసిన తొమ్మిదో తరగతి పిల్ల, 'బేకరీలో పని, నెలకింత' అని చెప్పి సొంతూరి మామ వెంటబెట్టుకొచ్చిన ముగ్గురు పిల్లలు, తాతతో వచ్చి గుంపులో చెయ్యి వదిలేసిన నాలుగేళ్ళ పాప. ముక్కూ మొహం తెలియని వాడు పట్టపగలు వీధిలోంచి లాక్కెళ్ళిన పిల్లలంటారా, నేను చూసినంతలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అన్నింట్లోనూ పిల్లకి ఆ మనిషి ముందే తెలుసు. లేకపోతే పిల్ల తనంతట తనే నడిచి వెళ్ళింది. అదీ కాకపోతే పెద్దవాళ్ళిద్దరూ 'ఆమె చూసుకుంటుందిలే', 'ఆయన చూసుకుంటాడులే' అనుకున్న అరనిమిషంలో తప్పిపోయింది.

అందుకే మా పనిలో ఒక మాట వాడుకుంటాం: చేతులు మారే చోటు. టీచరు చేతిలోంచి ఆయా చేతికి, ఆయా నుంచి డ్రైవరుకి, డ్రైవరు నుంచి పనమ్మాయికి, పనమ్మాయి నుంచి పక్కింటి అక్కకి. పిల్లలు చేజారేది దాదాపు ఎప్పుడూ ఈ అతుకుల దగ్గరే. మీ బాబు పొద్దున ఏడున్నర నుంచి రాత్రి పడుకునేదాకా ఎన్నిసార్లు చేతులు మారతాడో ఒక కాగితం మీద రాసి చూడండి. మాకు తెలిసిన ఒకింట్లో రాసి చూస్తే పదకొండు వచ్చాయి. వాళ్ళు నాలుగైదు అనుకున్నారు.

ఆ ఇంట్లో జరిగింది చెబుతాను. ఆరేళ్ళ పాప. ఒకరోజు వ్యాన్ డ్రైవరుకి జ్వరం వస్తే అతని బావమరిది బండి తెచ్చాడు. స్కూలు గేటు దగ్గర ఆయా 'ఎవరు నువ్వు?' అంది. 'అన్నకి బాలేదక్కా' అన్నాడు. అంతే, ఏడుగురు పిల్లల్ని ఎక్కించేసింది. అతను మంచివాడే. దారి తెలియక, మధ్యలో డీజిల్ కొట్టించుకుని, యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆ యాభై నిమిషాలూ పాప వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి డ్రైవరుకి ఫోన్ చేస్తూనే ఉంది, జ్వరంతో పడుకున్నవాడు ఎత్తలేదు. వాచ్‌మన్ పోలీసులకి ఫోన్ చేద్దాం అన్నాడు. 'బండి నంబరెంతమ్మా?' తెలీదు. 'డ్రైవరు పేరేంటి?' అదీ తెలీదు. ఫోన్లో 'వ్యాన్ అన్న' అని సేవ్ చేసుకుంది, రెండేళ్ళుగా.

మీ ఫోన్లో ఎలా సేవ్ చేసుకున్నారో ఒకసారి చూడండి.

డ్రైవర్‌ని ఎంత నమ్మాలి అన్నదానికి నా జవాబు ఇది. నమ్మకం సంగతి మీ మనసుకి వదిలేయండి, వివరాలు మాత్రం ఫోన్లో ఉంచుకోండి. పూర్తి పేరు, లైసెన్సు ఫోటో, బండి నంబరు, బండి ఓనరు నంబరు, ఇంకొకరిద్దరు తల్లిదండ్రుల నంబర్లు. డ్రైవరు మారితే ముందు రోజు రాత్రే చెప్పాలని ఖరాఖండిగా మాట తీసుకోండి. నిజాయితీగా పని చేసుకునే డ్రైవరు దీనికి నొచ్చుకోడు. పనమ్మాయికీ ఇదే పద్ధతి. కర్ణాటకలో సేవా సింధు పోర్టల్ ద్వారా పోలీస్ వెరిఫికేషన్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టండి, కానీ ఆ సర్టిఫికెట్ వచ్చిందని నిశ్చింతగా కూర్చోకండి. ఇంతవరకూ కేసు లేదని మాత్రమే అది చెబుతుంది. స్కూలుకి కూడా బాబుని తీసుకెళ్ళగల వాళ్ళ పేర్లు, ఫోటోలు రాతపూర్వకంగా ఇవ్వండి. 'మేం ఫోన్ చేసి చెప్పినా సరే, లిస్టులో లేనివాళ్ళకి మా నంబరుకి తిరిగి ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపండి' అని అందులోనే రాయండి. గొంతు మార్చి ఫోన్ చెయ్యడం ఇప్పుడు కష్టమేమీ కాదు.

రహస్య పదం గురించి మీరు వినే ఉంటారు. చాలామంది దాన్ని తలకిందులుగా నేర్పుతారు. పిల్లాడు పదం చెప్పకూడదు, వచ్చినవాళ్ళనే అడగాలి. 'మా అమ్మ పంపిందా? అయితే మా మాట ఏంటి?' అని. నాతో పనిచేసిన ఒకామె వాళ్ళ పాపతో కలిసి 'ఉలవచారు' అని పెట్టుకుంది. ఒక ఆగస్టు సాయంత్రం, ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం నీళ్ళు, ఆమె ఆఫీసు బస్సులో ఇరుక్కుపోయింది. కింది ఫ్లాట్ అంకుల్‌ని ట్యూషన్‌కి పంపింది కానీ, గాభరాలో ఆ మాట చెప్పడం మర్చిపోయింది. పాప ఆయనతో రానంది. రోజూ గుడ్ మార్నింగ్ చెప్పే అంకులే! ట్యూషన్ టీచరు పక్కనే కూర్చుని, వాళ్ళమ్మ ఫోన్లో మాట్లాడి 'ఉలవచారు' అన్నాకే లేచింది. ఆయన కాస్త నొచ్చుకున్నాడు. నొచ్చుకోనివ్వండి. ఆ రాత్రి వాళ్ళమ్మ ఆయనకి సారీ చెప్పింది, పాపకి మసాలా దోసె తెప్పించింది. ఒకసారి వాడిన మాట మార్చెయ్యాలి, అది కూడా మార్చారు. ఇప్పుడేం పెట్టుకున్నారో నాకు తెలీదు, తెలియకూడదు కూడా.

ఇక బాబుకి నేర్పాల్సినవి. 'తెలియని వాళ్ళతో మాట్లాడకు' అనే మాట ఒక్కటే నేర్పితే పెద్దగా పనికిరాదు. అయిదేళ్ళ పిల్లాడి లెక్కలో పేరు పెట్టి పిలిచి రెండుసార్లు నవ్వినవాడు తెలిసినవాడే. (అందుకే బ్యాగు మీద, టిఫిన్ డబ్బా మీద పేరు బయటికి కనబడేలా రాయకండి. ఫోన్ నంబరు లోపలివైపు రాయండి.) పైగా తప్పిపోయినప్పుడు సాయం చెయ్యాల్సింది ఆ తెలియనివాళ్ళే కదా. కాబట్టి ఎవరిని అడగాలో నేర్పండి: పిల్లలతో ఉన్న అమ్మ, కౌంటర్ దగ్గర కూర్చున్న షాపు మనిషి, యూనిఫారంలో ఉన్న పోలీసు. కదలకుండా ఎక్కడివాడు అక్కడే నిలబడాలి. మీరే వెనక్కి వస్తారు.

మీ పేర్లు చెప్పడం వచ్చా వాడికి? 'అమ్మ పేరేంటి' అంటే 'అమ్మ' అనే పిల్లలు యూకేజీలో ఎంతమందో! మీ ఇద్దరి పూర్తి పేర్లు, రెండు ఫోన్ నంబర్లు, అపార్ట్‌మెంట్ పేరు, ఏరియా పేరు పాటలా వల్లె వేయించండి. స్నానం చేయించేటప్పుడు రోజూ ఒకసారి పాడిస్తే పది రోజుల్లో వచ్చేస్తుంది.

మనవాళ్ళు మర్చిపోయేది ఇంకొకటుంది. భాష. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు. అయిదేళ్ళ తెలుగు పిల్లాడు కేఆర్ మార్కెట్లో పూల బుట్టల మధ్య తప్పిపోతే ఎవరితో ఏ భాషలో ఏడుస్తాడు? వరలక్ష్మీ వ్రతం ముందు రోజు అక్కడ అలా దొరికిన ఒక పాప మా దగ్గర గంటసేపు 'మా అమ్మమ్మ, మా అమ్మమ్మ' అంటూనే ఉంది. ఆ పాపను తెచ్చిన కానిస్టేబుల్ కోలారు మనిషి, తెలుగు వచ్చు కాబట్టి సరిపోయింది. మూడు కన్నడ వాక్యాలు నేర్పండి చాలు. 'నాను కళెదుహోగిద్దీని.' తప్పిపోయాను అని. 'నమ్మమ్మంగె ఫోన్ మాడి.' ఇది మీకూ అర్థమవుతుంది. మూడోది అన్నింటికంటే ముఖ్యం: 'ఇవరు నమ్మప్ప అల్ల!' ఈయన మా నాన్న కాదు అని. ఎవరైనా చెయ్యి పట్టి లాగుతుంటే ఉత్తినే ఏడిచే పిల్లాణ్ణి చూసి జనం మారాం చేస్తున్నాడనుకుంటారు, దారి కూడా ఇస్తారు. ఈ మూడు ముక్కలూ గట్టిగా అరిస్తే ఎవరో ఒకరు ఆగుతారు. ఇంట్లో హాల్లో నిలబెట్టి నిజంగా అరిపించండి. మొదటిసారి గొంతు రాదు, సిగ్గుపడతాడు. ఆటలా రెండు మూడు వారాలు చెయ్యండి.

లాల్‌బాగ్ పూల ప్రదర్శనకో, బసవనగుడి కడలెకాయి పరిషెకో (వేరుశనక్కాయల జాతర) వెళ్ళినప్పుడు లోపలికి వెళ్ళేముందు బాబుని నిలబెట్టి ఫోన్లో ఒక ఫోటో తీయండి, తలనుంచి చెప్పుల దాకా. ఏం చొక్కా వేసుకున్నాడని పోలీసులు అడిగితే కంగారులో కన్నతల్లికి కూడా గుర్తు రాదు, ఎన్నిసార్లు చూశానో. చెన్నైలో కానుమ్ పొంగల్ రోజు మెరీనా బీచ్‌కి వచ్చే పిల్లల చేతికి పోలీసులు ఫోన్ నంబరు రాసిన పట్టీ కడతారు. మనకి ఎవరో కట్టే దాకా ఎందుకు, బాల్‌పెన్నుతో ముంజేతి మీద రాసుకున్నా సరే.

రహస్యాల సంగతి కొంచెం చెప్పి వదిలేస్తాను, అది వేరే పెద్ద విషయం. 'ఇది అమ్మకి చెప్పకు' అని ఏ పెద్దవాళ్ళు అన్నా, వాళ్ళు బాబాయి అయినా సరే, ఆ రోజే అమ్మకి చెప్పాలి అని నేర్పండి. చెప్పినప్పుడు మీరు అరవకూడదు. ఒకసారి అరిచారంటే రెండోసారి చెప్పడు. చుట్టాలు వచ్చినప్పుడు 'ముద్దు పెట్టు, ఒళ్ళో కూర్చో' అని బలవంతం చెయ్యడం కూడా మానేయండి.

జీపీఎస్ వాచీ కొనుక్కోవాలంటే కొనుక్కోండి. బేస్‌మెంట్ పార్కింగులో సిగ్నల్ ఉండదు, ఛార్జింగ్ అయిపోతుంది, కొన్ని స్కూళ్ళు పెట్టుకోనివ్వవు. పైగా నిజంగా ఎత్తుకెళ్ళేవాడు ముందు తీసి పారేసేది దాన్నే. నేనైతే ఆ డబ్బుతో పనమ్మాయికి మంచి ఫోను కొనిస్తాను. వ్యాను దిగగానే బాబు ఫోటో ఒకటి రోజూ పంపించమంటాను.

ఎప్పుడైనా, దేవుడి దయవల్ల ఆ అవసరం రాకూడదు, బాబు కనబడకపోతే మొదటి గంటలో చేసే పనే పని. ఒకరు వెతకాలి, ఒకరు ఫోన్ చెయ్యాలి, రెండూ ఒకేసారి. వెతికే వాళ్ళు వీధిలోకి పరిగెత్తేముందు సంపు, వాటర్ ట్యాంకు, లిఫ్టు గుంత, పార్కింగ్‌లో కార్ల లోపల, మంచం కింద, అల్మరాలో చూడాలి. ఈ ఊళ్ళో ఇంటింటికీ సంపు ఉంది, మూతలు సరిగా ఉండవు. పిల్లాణ్ణి ఎవరో ఎత్తుకుపోయారని ఊరంతా వెతికి, సాయంత్రానికి సంపులో చూసుకున్న రెండు కేసులకి నేను వెళ్ళాను. అంతకంటే రాయలేను.

ఫోన్ 112కి చెయ్యండి, హొయ్సళ బండి (పోలీసు గస్తీ వాహనం) వస్తుంది. పిల్లల కోసం 1098 ఉంది. 2023 నుంచి అది 112తో కలిసే నడుస్తోంది, ఏది చేసినా పర్లేదు. రైలు ఎక్కి ఉంటాడని అనుమానమొస్తే 139. 'ఇరవై నాలుగు గంటలు చూడండి, వస్తాడులే' అని ఎవరైనా అంటే వినకండి. తప్పిపోయిన పిల్లల విషయంలో ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా అని అనుకునే దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలో చెప్పింది. 'మా స్టేషన్ పరిధి కాదు' అంటే, పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా కట్టే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఆ వెసులుబాటు ఉంది. కన్నడ రాయడం రాకపోతే ఇంగ్లీషులో రాసిస్తే చాలు. మాటకి భయపడకండి, ఇక్కడ చాలామంది పోలీసులకి తెలుగు అర్థమవుతుంది.

పక్క షాపుల సీసీటీవీ వెంటనే అడగాలి. కొన్నింట్లో కొద్ది రోజులకే పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. బాబు దిండు గలీబు, ఆ రోజు విప్పేసిన బట్టలు ఉతక్కుండా పక్కన పెట్టండి, పోలీసు కుక్కకి కావాలి. ఫేస్‌బుక్‌లో పెట్టేటప్పుడు మీ నంబరు కాకుండా స్టేషన్ నంబరు ఇవ్వండి. 'మీ వాడు మా దగ్గరున్నాడు, ఇరవై వేలు పంపండి' అనే దొంగ ఫోన్లు మొదటి రాత్రే మొదలవుతాయి. ఆ టెన్షన్లో నగలు కుదువబెట్టి పంపినవాళ్ళని చూశాను. పిల్లాడు దొరికాక ఆ పోస్టులన్నీ తీసేయడం మర్చిపోకండి, వాడు పెద్దయ్యాక కూడా 'తప్పిపోయిన పిల్లాడు' అని ఆ ఫోటో తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో రెండు ముక్కలు, మీకు కాకపోయినా చదివేవాళ్ళకి పనికొస్తాయి. ఇంట్లో టీనేజీ పిల్లలుంటే ఈ గోలంతా వేరు. ఫలితాలొచ్చే వారం వాళ్ళని ఒంటరిగా వదలకండి, 'తప్పితే ఇంటికి రాకు' అనే మాట సరదాకి కూడా అనకండి. నిజంగానే రారు. గుంతకల్లు కుర్రాడు అదే చేశాడు. మేం చూసేసరికే ప్లాట్‌ఫారం మీద ఒకతను ఇడ్లీ పెట్టించి, హోటల్లో పని ఇప్పిస్తానని మాట్లాడుతున్నాడు. ఆడపిల్ల ఎవరితోనైనా వెళ్ళిపోతే 'ఇష్టపడే వెళ్ళింది కదా' అని కేసు తీసుకోకపోతే ఒప్పుకోకండి, 18 నిండని పిల్లల ఇష్టం చట్టంలో లెక్కలోకి రాదు. భార్యాభర్తల గొడవల్లో ఒకరు పిల్లని తీసుకుపోవడం ఇంకో రకం. దానికి పోలీస్ స్టేషన్‌కంటే లాయరు దగ్గరికి ముందు వెళ్ళాలి. కోర్టు ఆర్డరు ఉంటే దాని కాపీ స్కూల్లో ఇచ్చి ఉంచాలి.

అత్తగారికి చెప్పండి, కర్నూల్లో కూడా పిల్లలు చేతులు మారతారు. బాబు మీ దగ్గరే ఉండనివ్వండి.

కిందికి పంపండి. మొదటి వారం మీరో ఆయనో బెంచీ మీద కూర్చోండి, ఫోను చూడకుండా. వాడితో ఆడే పిల్లల అమ్మలు నలుగురు కలిసి రోజుకొకరు వంతు వేసుకోండి, ఆ రోజు వంతు ఎవరిదో గ్రూపులో పొద్దునే పడాలి. పిల్లాడు ఒంటరిగా గేటు దాటబోతే ఇంటికి ఫోన్ రావాలని సెక్యూరిటీకి రాసిచ్చి సంతకం పెట్టించండి. కింద ఆడుకునే పిల్లాడికి వాచ్‌మన్ తెలుస్తాడు, లిఫ్ట్ అంకుల్ తెలుస్తాడు, వాళ్ళకీ వీడు తెలుస్తాడు. నాలుగో అంతస్తులో తలుపేసుకుని కూర్చున్న పిల్లాడు కనబడకపోతే వెతకడానికి వాణ్ణి గుర్తుపట్టేవాళ్ళే ఉండరు.

ఆడుకునే చోటికి దగ్గర్లో సంపు మూతకి తాళం ఉందో లేదో ఈ రాత్రే వెళ్ళి చూసిరండి.